వరద గట్టు ముందా, మంచినీళ్ళ పైపు ముందా?

సింగ్‌నగర్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. బడ్జెట్ లోపు ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇద్దామని మా కాలనీ సంఘం అనుకుంటోంది. మొదటి పేరాలో ఏం అడగాలన్న దగ్గరే సంఘం రెండుగా చీలింది. మాది విజయవాడ. సగం మంది బుడమేరు వాగు మళ్ళీ ఇళ్ళలోకి రాకుండా చూడమని అడగాలంటున్నారు. మిగతా సగం, ముఖ్యంగా ఆడవాళ్ళు, "వరద ఎప్పుడో వస్తుంది, కుళాయిలో మురుగు వాసన రోజూ వస్తుంది, ముందు పైపులు మార్చమనండి" అంటున్నారు.

నా ఓటు వరదకే. బయటి ఊళ్ళవాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. బుడమేరు నీటిని వెలగలేరు దగ్గర రెగ్యులేటరుతో ఆపి, డైవర్షన్ కాలువ గుండా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ కాలువ పట్టేది 15 వేల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు 1న వచ్చింది అంతకు రెట్టింపు పైనే. అదే సమయానికి కృష్ణ కూడా పొంగుతోంది, మర్నాటికి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అదే రికార్డు. నిండు కృష్ణ కాలువ నీటిని తీసుకోలేదు. గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. రెగ్యులేటరు గేట్లు కూడా ఎత్తడంతో నీళ్ళు పాత దారి పట్టి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం మీద పడ్డాయి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా వచ్చింది.

ఇదే ఊళ్ళో కృష్ణలంక చూడండి. కృష్ణకు వరదంటే ముందు ఖాళీ చేయించే పేట అది. ఈసారి చరిత్రలో లేనంత నీళ్ళొచ్చినా రిటైనింగ్ వాల్ ఉండబట్టి నిలబడింది. గోడ ఉన్న పేట బతికింది, లేని పేట మునిగింది. ఇంతకంటే రుజువేం కావాలి?

ఉద్దానం కొబ్బరితోట

అన్నా, మీ బాధ కాదనను. కానీ "నా ఓటు వరదకే" అని అంత తేలిగ్గా అంటే మా శ్రీకాకుళం వాళ్ళకి కడుపు మండుతుంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. మా ఉద్దానంలోని ఈ ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. జబ్బుకు అసలు కారణం ఇదీ అని నేటికీ గట్టిగా తేలలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. తేలేదాకా ఖర్చు పెట్టకూడదనుకుంటే ఇంకా పరీక్షలకు బాటిళ్ళు నింపుతూనే ఉండేవాళ్ళం. చివరికి హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులేసి, 700 కోట్లతో వంశధార నీళ్ళిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అప్పటికి ఎన్ని ఇళ్ళలో ఫొటోలకు దండలు పడ్డాయో మాకు తెలుసు.

వరద వస్తే హెలికాప్టర్ వస్తుంది, టీవీ వాళ్ళు పడవెక్కి వస్తారు, మర్నాటికి జీవో వస్తుంది. నీళ్ళ వల్ల పోయినవాళ్ళు ఒక్కొక్కరుగా పోతారు, అదీ తేడా. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియాతో పలువురు పోయారు. ఎంతమంది అన్న లెక్క మీదే రోజుల తరబడి వాదన నడిచింది.

లంక రైతు

కోనసీమ నుంచి. సింగ్‌నగర్ అన్న గోడ లెక్కకు మా దగ్గర ఇంకో పార్శ్వం ఉంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి కోనసీమ మునిగింది. ఆ వరదను కొలతగా పెట్టుకుని తర్వాత ఏటిగట్ల ఎత్తు పెంచారు. 2022 జులైలో దాదాపు 26 లక్షలు వచ్చినప్పుడు జనం రాత్రిళ్ళు ఇసుక బస్తాలతో కాపలా కాశారు, మొత్తానికి గట్టు ఆగింది. సంతోషం. కానీ మేం ఉండేది గట్టుకు ఆవల, ఏటి వైపు తిప్పల్లో, వాటినే లంకలంటాం. గట్టు ఎంత ఎత్తయితే ఏటికి పక్కకు పోయే దారి అంత తగ్గుతుంది, మా లంకల్లో నీళ్ళు అంత నిలుస్తాయి. ఊరందరికీ రక్షణ అన్న పనిలో మేం లేం.

ఇంకో సంగతి. వరద రోజుల్లో మా మొదటి సమస్య తాగే నీళ్ళే. ఇంటి చుట్టూ గోదావరి, బిందెలో చుక్క ఉండదు. బోరు మునిగిపోతుంది, కరెంటు ముందే తీసేస్తారు, పడవలో వాటర్ ప్యాకెట్లు వచ్చేదాకా ఎదురుచూపులే. మేం అడిగేదల్లా చేతిపంపు దిమ్మెను వరద మట్టం కంటే ఎత్తులో కట్టమని, ఊరికొక మెరక కట్టమని. మీరిద్దరూ విడదీసి పంచుకుంటున్న పద్దులు మా లంకలో ఒకటే. అంత చిన్న పనికి ఏ పద్దూ దొరకదు, అదే చిత్రం.

మున్నేటి ఒడ్డు

ఖమ్మం. 2024 సెప్టెంబరు 1న మా మున్నేరు కూడా పొంగింది. బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వైపు ఎవర్నడిగినా గోడ ముందంటారు. మా మున్నేటి గోడకు వరదకు ముందే శంకుస్థాపన అయింది. శంకుస్థాపనకు నీళ్ళాగవు కదా.

రిటైర్డ్ ఇరిగేషన్

మీ అందరికంటే వయసులో పెద్దవాణ్ణి, కాలువల మీద ఉద్యోగం చేసినవాణ్ణి. గోడా పైపా అని కొట్టుకుంటున్నారు. రెండూ కొత్త పనులే. కొత్త పనికి ఎలాగోలా డబ్బు పుడుతుంది. పుట్టనిది పాత పనికి.

కొన్ని తేదీలు చెప్తాను. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అంత వరదలో కూడా ఉన్న అయిదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. 2022 ఆగస్టు ఆఖరున గుండ్లకమ్మ మూడో గేటు పోయి, తాగడానికీ సాగుకూ దాచిన నీళ్ళు సముద్రం పాలయ్యాయి. ఏడాది తిరిగాక 2023 డిసెంబరులో అక్కడే ఇంకో గేటు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగింది. అనంతపురానికి నీళ్ళిచ్చే వాటిలో ఆ డ్యాం ఒకటి. గేటు పోయిన చోట స్టాప్‌లాగ్ (గేటుకు బదులు దించే తాత్కాలిక అడ్డు) దించి నీటిని నిలిపిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారినే నెల తిరక్కుండా ప్రకాశం బ్యారేజీకి పిలిపించారు, పడవలు గుద్దుకుని గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు) దెబ్బతింటే. అలాంటి పనికి ఆ వయసు పెద్దాయనే దిక్కయ్యాడంటే మన శాఖల్లో తర్వాతి వరుస ఎలా ఉందో ఊహించుకోండి.

ఇందులో ఏది నీటి పథకం, ఏది వరద రక్షణ? గేటు ఒక్కటే. వానల్లో లేవకపోతే ఊరు మునుగుతుంది, ఊడిపోతే వేసవిలో గొంతు ఎండుతుంది. దానికి కావలసింది రంగు, గ్రీజు, రబ్బరు సీలు, రోప్ మార్పిడి, కాపలాకు ఒక లస్కరు. మా రోజుల్లో కాలువ పొడవునా లస్కర్లు ఉండేవాళ్ళు. గట్టు మీద ఎలక బొరియ కనిపించినా సాయంత్రానికి సెక్షన్ ఆఫీసుకు కబురొచ్చేది. రిటైరైనవాళ్ళ స్థానాలు నిండలేదు, చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మనిషికే అయిదారు ఊళ్ళ పని. కొత్త బండికి లోన్ ఇస్తారు గాని ఇంజనాయిలుకు ఇవ్వరన్నట్టుంది మన బడ్జెట్.

సీమ చెరువు

పెద్దాయన మాటకు నూటికి నూరు. మాది అనంతపురం వైపు. తాగునీటి పథకం ఒకటి ఎలా ఉండాలో మా జిల్లాలో 1990లలోనే సత్యసాయి పథకం చూపించింది, వందల ఊళ్ళకు నీళ్ళొచ్చాయి. కట్టడం అయ్యాక నడపడం మాటేమిటంటే, దాంట్లో పనిచేసే కార్మికులు జీతాల బకాయిల కోసం సమ్మెలకు దిగిన వార్తలు ఎన్నోసార్లు చదివాం. పంపు ఆపరేటరు జీతం ఆగితే పైపు ఎంత మంచిదైతే ఏం?

మాకు చెరువులే రెండు పనులూ చేస్తాయి. పై చెరువు మరవ (అలుగు) పారితే కింది చెరువు నిండుతుంది, అలా గొలుసు. వాగు నీళ్ళు ఊరి మీద పడకుండా ఆగేదీ ఆ కట్టల వల్లే, బోర్లలో నీళ్ళూరేదీ ఆ చెరువుల వల్లే. మరవ పూడిపోయి, చెరువుకు నీళ్ళు తెచ్చే సప్లై చానల్ మీద వెంచర్ వేసేసి, తర్వాత అదే కాలనీకి వరద రక్షణ గోడ కావాలని అడిగితే నవ్వాలో ఏడ్వాలో.

పద్దుల బాబాయ్

అకౌంట్స్ మనిషిని. ఒక గందరగోళం తీరిస్తే చర్చ ముందుకు పోతుందేమో. "ఉన్న డబ్బు" అంటున్నారు గాని అదంతా ఒక సంచిలో ఉండదు.

ఇంటింటి కుళాయికి జల్ జీవన్ మిషన్ ఉంది. మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం సగం, రాష్ట్రం సగం. మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యం. అది పల్లెలకే. 15వ ఆర్థిక సంఘం (2021-26) పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి కట్టిపడేసినదే. సర్పంచ్ కావాలన్నా ఆ డబ్బుతో కరకట్ట కట్టలేడు. విపత్తులకు వేరే నిధి. దానిలో కేంద్రం 75, రాష్ట్రం 25. అదే సంఘం చెప్పినదాని ప్రకారం ఆ మొత్తంలో 80 శాతం సహాయానికి, పునరుద్ధరణకు, 20 శాతం మాత్రమే ముందుజాగ్రత్త పనులకు. అంటే మునిగాక ఇచ్చేది నాలుగు రూపాయలు, మునగకుండా చూసేది ఒక రూపాయి. 2024లో నేలమీద ఇల్లు మునిగితే 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు ఇచ్చారు. నష్టం మొత్తం 6,880 కోట్లని రాష్ట్రం కేంద్రానికి ప్రాథమిక అంచనా పంపింది.

కాబట్టి గోడా పైపా అన్న పోటీ నిజంగా ఉండేది రాష్ట్రం సొంత డబ్బు మీద, కార్పొరేషన్ జనరల్ ఫండ్ మీద, అప్పు తెచ్చుకునే పరిమితి మీద. మిగతా చోట్ల ఏ పద్దులో అడగాలో తెలియక మన అర్జీలు తిరిగొస్తున్నాయి.

ఇంకో చేదు నిజం. వరద పనికి మంజూరు కావాలంటే లాభ వ్యయ నిష్పత్తి చూపించాలి. లాభమంటే, ఆ పని వల్ల ఏడాదికి సగటున ఎంత నష్టం తప్పుతుందని. రేకుల ఇంట్లో పాత ఫ్రిజ్, కుట్టు మిషను పోతే కాగితం మీద పడే నష్టం ఎంత? షాపింగ్ కాంప్లెక్స్ సెల్లారు మునిగితే ఎంత? ఆ లెక్కలో సింగ్‌నగర్ కంటే పెద్ద షాపులుండే బెంజి సర్కిలే ముందుంటుంది. గట్టు ఎత్తులోనూ అంతే: పట్టణమైతే నూరేళ్ళకోసారి వచ్చే వరదకు తగ్గట్టు, పొలాలైతే పాతికేళ్ళ వరదకు. లంక రైతు గారి ఊరు ఈ రెంటిలో ఎక్కడా లేదు.

బెజవాడ బెబ్బులి

కృష్ణలంక గోడ ఎవరు కట్టారో కూడా చెప్పండి సార్. మా ప్రభుత్వం లేకపోతే

మధ్యవర్తి

పై వ్యాఖ్యను అక్కడికి కత్తిరించాను, దాని కింద వచ్చిన పదకొండు జవాబులు తీసేశాను. గోడ దశలవారీగా వేర్వేరు ప్రభుత్వాల హయాంలో కట్టారు. ఆ పోట్లాటకు వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్ళండి.

మూసీ గట్టు

హైదరాబాద్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఆ తర్వాత నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయన ఊళ్ళో గోడలతో సరిపెట్టలేదు. ఎగువన నీటిని పట్టి ఉంచే జలాశయాలు కట్టమన్నాడు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపాయి, దశాబ్దాల పాటు ఊరికి నీళ్ళూ తాపాయి. ఒకే ఖర్చు, రెండు పనులు. మీరు వినతిపత్రంలో ఇలాంటిది అడగండి.

తెలుగుగంగ కొస

చెన్నైలో ఉంటాను, కాబట్టి పై మాటకు ఒక చిక్కు కలుపుతాను. ఒకే జలాశయం రెండు పనులూ చేయాలంటే వానాకాలంలో అది సగం ఖాళీగా ఉండాలి. తాగునీళ్ళ అధికారి నింపమంటాడు, వరద అధికారి ఖాళీ చేయమంటాడు. 2015 డిసెంబరులో మా చెంబరంబాక్కం చెరువులో జరిగింది అదే. నిండుగా ఉంచారు, ఒక్కసారిగా వాన కొట్టింది, ఒకేసారి 29 వేల క్యూసెక్కుల దాకా అడయారు నదిలోకి వదిలారు, ఊరు మునిగింది. నాలుగేళ్ళు తిరగకుండా 2019 జూన్‌లో అదే చెరువు నెర్రెలిచ్చింది, ట్యాంకర్ల దగ్గర బిందెలతో గొడవలు. ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి కృష్ణ నీళ్ళు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూశాం.

అందుకని డ్యాం ఒక్కటే చాలదు. ఎప్పుడు ఎంత ఖాళీ ఉంచాలో రాసిన పద్ధతి ఉండాలి, ఎగువన వానమాపకాలు ఉండాలి, గేటు ఎత్తమని చెప్పే అధికారం ఎవరిదో ముందే తెలియాలి. దానికయ్యే ఖర్చు కాంక్రీటుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

రిటైర్డ్ ఇరిగేషన్

చెన్నై వారు చెప్పినదానిలో ఒక్క ముక్క బుడమేరుకు నేరుగా వర్తిస్తుంది. బుడమేరు కొండవాగు. కొండపల్లి, మైలవరం కొండల్లో కుంభవృష్టి పడితే నీళ్ళు ఊళ్ళోకి రావడానికి రోజులు పట్టవు, గంటలే. ఆ గంటల్లో హెచ్చరిక వెళ్ళి ఉంటే ఇళ్ళు మునిగినా బండ్లు, పుస్తకాలు, మందులు దక్కేవి.

సింగ్‌నగర్ వారికి ఇంకో మాట. కాలువ వెడల్పు చేయండని మాత్రమే రాస్తే సరిపోదు. ఆ కాలువ కలిసేది కృష్ణలోనే. కృష్ణ నిండుగా ఉన్న రోజున వెడల్పాటి కాలువ కూడా వెనక్కి తంతుంది. అందుకని పాత బుడమేరు దారి కూడా కొల్లేరు దాకా బాగుండాలి. గుర్రపుడెక్క, పూడిక, వంతెనల కింద ఇరుకు తీయాలి. కొల్లేరు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి, అదీ పూడింది. మీ కాలనీ వరదకు మందు సగం ఆ ఉప్పుటేరు పక్కనున్న ఆకివీడు దగ్గరుంది.

సింగ్‌నగర్ వాసి

పెద్దాయన చెప్పింది ఒప్పుకుంటాను. కానీ "పాత దారి బాగుచేయాలి" అన్న మాట వెనకాల ఏముందో మాకు తెలుసు. ఆక్రమణలు తీస్తామని వస్తారు. ముందు ఎవరిల్లు? అరవై గజాల్లో రేకులేసుకున్నవాడిది. వాంబే కాలనీ ఎవరు కట్టారు? ప్రభుత్వమే. పల్లంలో స్థలమిచ్చి, పట్టా ఇచ్చి, ఇంటి పన్ను కట్టించుకుని, ఇప్పుడు ఏరు దారికి అడ్డమున్నావంటే ఎలా? సీమ చెరువు గారు నవ్వాలో ఏడ్వాలో అన్నారు. మా పేటలో వెంచర్లేసినవాళ్ళు వేరు, కొనుక్కున్నవాళ్ళు వేరు.

సీమ చెరువు

నేనన్నది వెంచర్ వేసినోళ్ళనే అన్నా. ఇల్లు తీయాల్సి వస్తే ముందు ఇల్లు కట్టించి, తాళం చేతికిచ్చి తీయాలి. ఆ ఖర్చు కూడా కాలువ అంచనాలోనే వేయాలి. వేరే పద్దులో పెట్టారంటే అది ఎప్పటికీ రాదు.

పేట ఆడపడుచు

ఇదే కాలనీ. సంఘంలో పైపులు ముందన్న వర్గం నాదే, కాబట్టి మా వాదన నేనే చెప్తాను. వరద తర్వాత ఇల్లు కడుక్కోవడానికే వారాలు పట్టింది, అవన్నీ నాకూ తెలుసు. మా వీధిలో మంచినీళ్ళ పైపు మురుగు కాల్వలోంచే పోతుంది. నీళ్ళు వదిలేది పొద్దున కాసేపే. మిగతా టైంలో పైపు ఖాళీ, ఎక్కడ చిల్లుంటే అక్కడ మురుగు లోపలికి పీలుస్తుంది. క్యాన్ కొనుక్కుంటే ఇంట్లో నెలకయ్యే ఖర్చు చిన్నదేం కాదు. పైగా పైపు మార్చడానికి కొల్లేరు దాకా పోనక్కర్లేదు, కార్పొరేషన్ చేతిలో ఉన్న పని, ఒక ఎండాకాలంలో అయిపోతుంది. బుడమేరు పని ఎన్నేళ్ళకవుతుందో చెప్పండి. 2005లో మునిగినప్పుడూ బాగుచేస్తామనే అన్నారు.

లంక రైతు

అమ్మా, మీ మాటతో ఏకీభవిస్తున్నా. త్వరగా అయ్యే పని ముందు పెట్టడంలో తప్పులేదు. పెద్ద పని పేరు చెప్పి చిన్న పని ఆపడమే మా దగ్గర జరుగుతున్నది.

ఉద్దానం కొబ్బరితోట

పెద్ద పనులు కూడా అడక్కపోతే రావు గదా. ఉద్దానం పథకం కూడా ఎవరూ నమ్మని పెద్ద పనే. ఒక్క విషయం మాత్రం కలపండి: పంప్‌హౌస్‌కు జనరేటరు. 2018 తిత్లీ తుఫానులో స్తంభాలన్నీ పడిపోయి కరెంటు లేక రోజుల తరబడి కుళాయిలు మూగపోయాయి. ట్యాంకు ఉంది, పైపు ఉంది, మోటారు తిరగదు.

పద్దుల బాబాయ్

అయితే వినతిపత్రం ఒకటి కాదు, రెండు రాయండి. పైపుల మార్పిడి అర్జీ కార్పొరేషన్ కమిషనరుకు. బుడమేరు అర్జీ జలవనరుల శాఖకు, నకలు విపత్తుల నిర్వహణ సంస్థకు, ముందుజాగ్రత్త నిధి ప్రస్తావనతో. రెంటినీ కలిపి రాస్తే ఇది మా పరిధి కాదని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. రెండు అర్జీల్లోనూ నిర్వహణ ఖర్చు ఏ పద్దు నుంచి, ఏటా ఎంత అన్న ప్రశ్న పెట్టండి.

సింగ్‌నగర్ వాసి

సరే, ఆదివారం సంఘంలో పెడతాను. పైపుల అర్జీ మా ఆడపడుచు గారు రాస్తారు. బుడమేరుది నేను రాస్తాను. అందులో వరుస ఇలా అనుకుంటున్నాను: ఈ వానాకాలం లోపు గండ్లు పడిన చోట గట్టు బలపరచడం, వెలగలేరు గేట్ల మరమ్మతు, ఎగువన వానమాపకాలు, ఫోన్లకు హెచ్చరిక. తర్వాత పాత దారి పూడికతీత. ఇళ్ళు పోయేవాళ్ళకు ఇళ్ళు కట్టాకే కాలువ వెడల్పు. పెద్దాయనా, ఇంకేమైనా మిగిలిందా?

రిటైర్డ్ ఇరిగేషన్

సమాచార హక్కు కింద గత అయిదేళ్ళలో వెలగలేరు రెగ్యులేటరు నిర్వహణకు ఎంత అడిగారు, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, మూడూ విడివిడిగా అడగండి. గ్రీజు కొన్న బిల్లుతో సహా. జవాబు వచ్చాక అర్జీ రాయండి, ముందు కాదు.

ఉద్దానం కొబ్బరితోట

రెండు అర్జీల నమూనా ఇక్కడ పెట్టండి అన్నా. మా మండలానికి తగ్గట్టు మార్చుకుంటాం. వరుస మాత్రం మాది మాకే ఉంటుంది.